బికాజ్ లేని ఉయ్యాల

జ్ఞానానందం మాస్టారికి పొట్టి వాక్యాన్ని చూస్తే కోపం వచ్చేది కాదు, జాలి వేసేది. చలికాలం పొద్దున్నే చొక్కా లేకుండా వీధిలో నిలబడ్డ పసివాణ్ణి చూస్తే మనకెలా ఉంటుందో, నల్లబల్ల మీద ‘ది మ్యాన్ కేమ్’ అని రాసి ఊరుకున్న వాక్యాన్ని చూస్తే ఆయనకి అలా ఉండేది. ఎవరా మనిషి, ఎక్కణ్ణుంచి వచ్చాడు, ఎప్పుడొచ్చాడు, రానని అలిగి కూడా ఎందుకొచ్చాడు అని పిల్లల్ని అడిగేవారు. వాళ్ళు చెప్పిన ఒక్కొక్క సంగతికీ హూ అనో, వెన్ అనో, ఆల్దో అనో గుండీ కుట్టి వాక్యానికి తొడిగేవారు. గంట కొట్టేసరికి ఆ వచ్చినవాడు నిజాంపట్నం నుంచి, ఎండుచేపల బుట్టతో, వాన పడుతున్నా లెక్కచేయకుండా, మరదలి పెళ్ళి ఉంది గనక వచ్చినవాడై నిండుగా నిలబడేవాడు. అన్నిటికంటే చివర బికాజ్ పెట్టేవారు. బికాజ్ లేని వాక్యం తలపాగా లేని పెళ్ళికొడుకని ఆయన ఉద్దేశం.

ఉద్యోగం రేపల్లెలో ఒక హైస్కూల్లో, ఇంగ్లీషు అసిస్టెంటుగా. మకాం తెనాలిలో, కోటేశ్వరమ్మ గారింట్లో ఒక వాటా. ఇంకా పెళ్ళి కాలేదు. కాకపోవడానికి కారణం ఆయన మాట తీరేనని కొందరనేవారు. హోటలుకి వెళితే కాఫీ అని అడగడం ఆయన వల్ల కాదు. “మొన్న మీ తమ్ముడు గల్లాలో కూర్చున్నప్పుడు ఇచ్చిన, గ్లాసు పట్టుకుంటేనే వాసన వచ్చిన కాఫీ ఉంది చూడన్నా, నిన్నటిది కాకుండా ఆ కాఫీ” అనేవారు. ఇది పూర్తయ్యేలోపు వెనకొచ్చినవాళ్ళు తాగి మూతి తుడుచుకుని వెళ్ళిపోయేవారు.

ఆయన అసలు బడి మాత్రం రేపల్లె ప్యాసింజరు. ఎనభైల్లో ఆ బండిలో రోజూ వెళ్ళొచ్చే ఉద్యోగులకి ఎవరి పెట్టె వాళ్ళకుండేది, పెట్టెలో ఎవరి బల్ల వాళ్ళకుండేది. మాస్టారి బల్ల మీద చెంచురామయ్య, శకుంతల ఖాయంగా ఉండేవారు. చెంచురామయ్య రేపల్లెలో ఒక ఆఫీసు గుమాస్తా. ఏ రిపోర్టు రాసినా ‘చెట్టు పడినది’, ‘గోడ కూలినది’ అన్నట్టు ఇంగ్లీషులో మూడు ముక్కలు రాసేవాడు. పై అధికారి ‘వివరాలేవి’ అని ఎర్ర సిరాతో కొట్టి తిప్పి పంపేవాడు. శకుంతల హెల్త్ విజిటరు. ఆవిడకీ నెలనెలా అదే తిప్పలు. వాళ్ళ బాధ చూడలేక మాస్టారు బండిలోనే క్లాసు పెట్టారు.

పద్ధతి సులువు. ఒకరు ఇంగ్లీషులో ఒక పొట్టి వాక్యం చెప్పాలి. బల్ల మీద కూర్చున్న ప్రతివాళ్ళూ దానికి తలా ఒక ఉపవాక్యం తగిలించాలి. కొత్తగా ఎక్కినవాళ్ళయినా సరే, ఆ బల్ల మీద కూర్చున్నారంటే తప్పదు. అయితే తగిలించేది నిజమై ఉండాలి. అబద్ధం తగిలిస్తే వేమూరులో అందరికీ జామకాయలు కొనిపెట్టాలి. ఇంగ్లీషు ఎలా ఉన్నా కల్పన పనికిరాదని, వివరమంటే చూసిందీ తెలిసిందీ చెప్పడమేనని మాస్టారు పట్టుబట్టి పెట్టిన నిబంధన ఇది. దీనివల్ల చెంచురామయ్య రిపోర్టులు బాగుపడ్డాయి గానీ, పెట్టెలో ఎవరింటి గుట్టూ దాగలేదు. చాలాకాలం మాస్టారు ఆ సంగతి గమనించలేదు. ఉపవాక్యం సరిగ్గా కుదిరితే చాలు, అందులో ఎవరి పరువు పోయిందన్నది ఆయనకి కనపడేది కాదు.

ఎనభై ఆరులో అనుకుంటాను, వానలు వెనకబట్టాక, ఒక సాయంత్రం ఆయన రేపల్లె స్టేషనుకి ఒక చెక్క ఉయ్యాల కొని రిక్షాలో వేసుకొచ్చారు. రంగు బొంగరాల్లా చెక్కిన కడ్డీలు, గొలుసులు అన్నీ ఉన్న పాత ఉయ్యాల. పెట్టెలో అందరూ తలా ఒక చెయ్యి వేసి లోపలికి ఎక్కించారు. ఎందుకు మాస్టారూ అని చెంచురామయ్య అడిగాడు. “అవసరం పడింది” అన్నారాయన.

కాఫీకే అంత పొడుగు వాక్యం చెప్పే మనిషి ఉయ్యాలకి రెండు మాటలతో సరిపెట్టాడంటే ఎవరికి మాత్రం అనుమానం రాదు?

అసలు సంగతి ఇది. మాస్టారు ఆదివారాలు గుడిలో కీర్తనలకి హార్మోనియం వాయిస్తారు. పాస్టరు బాలస్వామి గారు సంఘం హార్మోనియాన్ని, తమ ఇంట్లో పిల్లల గోల ఎక్కువైందని చెప్పి, ఆయన దగ్గర ఉంచారు. వానల్లో కాలవగట్టు నుంచి పందికొక్కులు వచ్చి మాస్టారి వాటాలో కాపురం పెట్టాయి. అవి బియ్యం ముట్టుకోలేదు, పుస్తకాలు ముట్టుకోలేదు, నేరుగా వెళ్ళి హార్మోనియం తిత్తి కొరికాయి. మాస్టారు సైకిలు ట్యూబు ముక్క కోసి అతికించారు. అతుకు నిలిచింది గానీ ఒక మెట్టు ఇరుక్కుపోయింది. కదిపితే చాలు, పాలకేడ్చే పసిబిడ్డలా కుయ్యిమనేది. ఆదివారం గుడిలో వాయించేటప్పుడు మాత్రం ఆ మెట్టుని వేలితో ఎత్తిపట్టి, అతుకు మీద రుమాలు కప్పి ఎలాగో నెట్టుకొచ్చేవారు. దాన్ని నేల మీద పెడితే మిగతాది కూడా దక్కదని, దూలానికున్న కొక్కేనికి ఉయ్యాల తగిలించి, అందులో హార్మోనియాన్ని పడుకోబెట్టి దుప్పటి కప్పారు. గొలుసు పట్టుకుని పందికొక్కులు దిగకుండా ఉయ్యాలకి ఒక తాడు కట్టి, ఆ తాడు కాలి బొటనవేలికి చుట్టుకుని, పొద్దున్నే వ్యాసాలు దిద్దుకుంటూ ఊపుతూ ఉండేవారు.

ఈ మాట పైకి చెబితే సంఘానికి తెలుస్తుంది. సంఘానికి తెలిస్తే మరో సమయంలో అయితే ఒక చీవాటుతో పోయేది. ఇప్పుడు కాదు. ఎందుకంటే బాలస్వామి గారు ఆయనకో సంబంధం చూస్తున్నారు. బాపట్లలో జకరయ్య గారని రిటైరైన హెడ్మాస్టరు, ఆయన కూతురు రిబ్కా. ఒక కాలేజీ ఆఫీసులో టైపిస్టు. ఆ అమ్మాయిని మాస్టారు ఒకసారి బాపట్ల సభల్లో చూశారు. బైబిలు వాక్యం చదవడానికి లేచింది, మైకు పోయింది. ఆ అమ్మాయి ఆగలేదు. గొంతు పెంచి, గుక్క ఎక్కడ తిప్పుకోవాలో అక్కడే తిప్పుకుంటూ, ఆ పొడవాటి వాక్యభాగాన్ని ఒక్క ముడి కూడా చిక్కుపడకుండా చివరిదాకా తీసుకెళ్ళి దించింది. అది విన్న రోజు నుంచి మాస్టారు మనసు బాపట్లలోనే ఉండిపోయింది.

అయితే జకరయ్య గారికి పాస్టరు గారు ఇచ్చిన హామీ ఏమిటి? “మనిషి నమ్మకస్తుడండి. సంఘం హార్మోనియాన్నే ఆయన చేతిలో పెట్టాం. అంతకంటే ఏం చెప్పమంటారు?” ఇదీ హామీ. ఇప్పుడు ఆ హార్మోనియం సైకిలు ట్యూబుతో ఉయ్యాలలో మూలుగుతోంది. చెబితే సంబంధం పోతుంది. చెప్పకపోతే పెళ్ళికాని మగాడి ఇంట్లో ఉయ్యాల ఊగుతోందన్న మాట ఊరేగుతుంది. మాస్టారు చెప్పకుండా ఉండటమే మేలనుకున్నారు.

ఆడపిల్లవాళ్ళు సంబంధం ఖాయం చేసుకునే ముందు చాటుగా విచారించుకోవడం మనవైపు మామూలే. జకరయ్య గారు ఒక సోమవారం బాపట్ల నుంచి పొద్దున్న బండికి తెనాలి వచ్చి, అక్కడ రేపల్లె ప్యాసింజరు ఎక్కి, ఏమీ ఎరగనట్టు గొడుగు ఒళ్ళో పెట్టుకుని మాస్టారి బల్ల మీదే కూర్చున్నారు. ఆయన్ని ఎవరూ ఎరగరు. మాస్టారూ ఎరగరు.

ఆ రోజు వాక్యం చెప్పే వంతు చెంచురామయ్యది. వారం నుంచి దాచుకున్నాడు కాబోలు, బండి కదలగానే అందుకున్నాడు.

“అవర్ మాస్టర్ బాట్ ఎ క్రేడిల్.”

మన మాస్టారు ఉయ్యాల కొన్నారు. వాక్యం శుద్ధంగా ఉంది, నిజమూను. మాస్టారు గొంతు సవరించుకుని వేరే వాక్యం చెప్పవయ్యా అన్నారు. ఇందులో తప్పేమన్నా ఉందాండి అని చెంచురామయ్య అమాయకంగా అడిగాడు. తప్పు లేదని ఒప్పుకోక తప్పలేదు. ఇక శకుంతల అందుకుంది. మాస్టర్ పక్కన ‘హూ ఈజ్ నాట్ మ్యారీడ్’ అని చేర్చింది. పెళ్ళి కాని మన మాస్టారు ఉయ్యాల కొన్నారు.

“ముందొక కామా, వెనకొక కామా పెట్టమ్మా” అన్నారు మాస్టారు, తన నోరు తన మాట వినక.

జంపనిలో దిగే పంచదార ఫ్యాక్టరీ గుమాస్తా దిగబోతూ, మాస్టారి కిటికీలోంచి తన కంటపడిందని చెప్పి, ఆ ఉయ్యాలని దుప్పటి కప్పి తిరిగి ఎవరికీ చూపించలేదన్నది చేర్చి పోయాడు. శకుంతల ఇల్లు కోటేశ్వరమ్మ గారి వీధిలోనే. ఆవిడ చెప్పగా విన్నదని, ఆ ఉయ్యాల పొద్దున్నే ఏడుస్తుందని ‘విచ్ క్రైస్’ అని తగిలించింది. మాస్టారు తల కిటికీ వైపు తిప్పుకున్నారు. అయినా ఊరుకోలేకపోయారు.

“ఉయ్యాల ఏడవదమ్మా. అందులోంచి ఏడుపు వినిపిస్తుంది. ‘ఫ్రమ్ విచ్ ఎ క్రై ఈజ్ హెర్డ్’ అనాలి. అప్పుడు అర్థం స్పష్టంగా ఉంటుంది.”

“ఇప్పుడు చాలా స్పష్టంగా ఉందండి” అన్నాడు చెంచురామయ్య.

తన మెడకి పడే తాడు వంకరగా ఉందని సరిచేసి ఇచ్చినట్టయింది ఆయన పని. వేమూరు దాటేసరికి వాక్యం ఇంత పొడుగు సాగింది. పెళ్ళి కాని మన మాస్టారు, దుప్పటి కప్పి ఉంచేదీ, తెల్లవారేసరికి ఏడుపు వినిపించేదీ అయిన ఒక ఉయ్యాలని కొన్నారు. జామకాయలు కొనాల్సిన పని ఎవరికీ పడలేదు. అంతా నిజమే.

అప్పుడు చెంచురామయ్య పక్కకి తిరిగి, “పెద్దాయనా, ఈ బల్ల మీద కూర్చున్నాక మీరూ ఒకటి వెయ్యాలి” అన్నాడు. పెద్దాయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, కొంచెంసేపు ఆలోచించి, తొందర లేకుండా పలికారు.

“ఆల్దో ది పర్సన్ ఫర్ హూమ్ హీ బాట్ ఇట్ హాజ్ నాట్ బీన్ నేమ్‌డ్.”

ఎవరి కోసం కొన్నారో వారి పేరు బయటపెట్టకపోయినప్పటికీ. మాస్టారు భయం మరిచిపోయారు. ఉపవాక్యంలో ఉపవాక్యం! రేపల్లె ప్యాసింజరులో అంతటి కట్టుబడి ఆయన అంతవరకు వినలేదు. ఎదురుగా వంగి ఆ పెద్దాయన రెండు చేతులూ పట్టుకున్నారు.

“ఏమన్నారండీ! తమరు ఎక్కడ పని చేశారు? పేరేంటండి?”

“జకరయ్య అంటారండి. బాపట్ల.”

మాస్టారి చేతులు ఆయన చేతుల్లోనే ఉండిపోయాయి. జకరయ్య గారు చేతులు మెల్లగా విడిపించుకుని గొడుగు సర్దుకున్నారు.

“వాక్యం బాగానే వచ్చింది. కానీ బికాజ్ ఒకటి మిగిలిపోయింది కదండీ మాస్టారూ. అది తమరు చెబితేనే బాగుంటుంది.”

పెట్టె అంతా ఆయన వంక చూసింది. మాస్టారు నోరు తెరిచారు. బికాజ్ అన్నారు. మళ్ళీ బికాజ్ అన్నారు. బండి ఆగింది. “బికాజ్ రేపల్లె వచ్చేసింది” అని చెప్పి గబగబా దిగిపోయారు. అది పల్లికోన, రేపల్లెకి ముందు స్టేషను. బండి కదిలిపోతుంటే ఇది పల్లికోన అని కిటికీలోంచి చెంచురామయ్య కేకేసి చెప్పాడు గానీ మాస్టారు వినిపించుకోనట్టే చేనుగట్టు వంక చూస్తూ నిలబడ్డారు. ఆ రోజు ఎవరిదో గడ్డిబండి మీద బడికి చేరేసరికి ప్రార్థన, హాజరు, మొదటి పీరియడు అయిపోయాయి. చొక్కాకి గడ్డి అంటుకుని ఉంది. ఎందుకు ఆలస్యమైందని హెడ్మాస్టరు అడిగితే, ఆయన జన్మలో మొట్టమొదటిసారి, ఏ వివరమూ లేకుండా ఆలస్యమైంది సార్ అన్నారు.

ఆ వారమంతా ఆయన మరో పెట్టెలో వెళ్ళొచ్చారు. ఆదివారం గుడి అయ్యాక బాలస్వామి గారు గుమ్మం దగ్గర ఆపి, జకరయ్య గారు అమ్మాయిని తీసుకుని మధ్యాహ్నం మీ ఇల్లు చూడటానికి వస్తున్నారు, నేనూ వస్తాను అని చెప్పారు. మాస్టారు హార్మోనియం మోసుకుని ఇంటికి పరుగెత్తారు. దాన్ని మంచం కింద పెట్టారు, అక్కడ పందికొక్కు కన్నం కనిపించింది. బల్ల మీద పెట్టారు, పాస్టరు గారికి ఎదురుగా అతుకు కనపడుతోంది. చివరికి మళ్ళీ ఉయ్యాలలోనే పడుకోబెట్టి దుప్పటి కప్పి, ఊగకుండా గొలుసుని కిటికీ చువ్వకి కట్టేశారు.

వాళ్ళు వచ్చారు. వందనాలండి అంటే వందనాలండి అనుకున్నారు. రిబ్కా స్టూలు మీద కూర్చుని గది చూసింది, పుస్తకాలు చూసింది, తర్వాత ఉయ్యాల మీద చూపు ఆపింది. ఎవరూ దాని మాట ఎత్తలేదు. బాలస్వామి గారు బాపట్లలో వానల గురించి అడిగారు. జకరయ్య గారు తెనాలిలో వానల గురించి అడిగారు. ఇంతలో పక్క వాటాలోంచి కోటేశ్వరమ్మ గారు కాఫీ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని వచ్చారు. చుండూరు దగ్గర పొలాలున్న పెద్దింటి మనిషి, చెయ్యి పెద్దది, మనసు ఇంకా పెద్దది. గుమ్మంలోనే ఆగి గొంతు తగ్గించారు.

“కాస్త మెల్లగా మాట్లాడుకోండి బాబూ. ఇప్పుడే పడుకున్నట్టుంది.”

ఎవరు పడుకున్నట్టుంది పిన్నిగారూ అని జకరయ్య గారు అడిగారు. ఆవిడ మాస్టారి వంక జాలిగా చూశారు. దాచుకోవాల్సింది ఏముంది నాయనా, ఎవరి బిడ్డయినా బిడ్డే, తల్లి లేని పసిగుడ్డుని ఇంత ఓపిగ్గా ఎవరు సాకుతారు, నేనెప్పుడైనా ఒక్క మాటైనా అడిగానా అన్నారు. పొద్దున్నే ఏడుపు వినలేక, రోజూ గుమ్మం దగ్గర గ్లాసుడు ఆవుపాలు పెట్టి వెళుతున్నానని, గ్లాసు ఖాళీగా కడిగి ఉంటే కడుపు నిండిందిలే అని సంతోషపడుతున్నానని చెప్పారు.

బాలస్వామి గారు అందుకోబోయిన గ్లాసు పళ్ళెంలోనే వదిలేశారు. సరిగ్గా అప్పుడే, ఇంటి నిండా మనుషులున్నా బెదరని ఒక పందికొక్కు దూలం మీద నుంచి గొలుసు పట్టుకుని దిగి దుప్పటి మీదికి దూకింది. ఉయ్యాలలోంచి కుయ్యి... మని సన్నగా ఏడుపు వచ్చింది.

అందరూ లేచారు. అందరికంటే ముందు రిబ్కా వెళ్ళింది. దుప్పటి కొన పట్టుకుని ఎత్తింది. లోపలికి చూసింది. ముఖం ఏమీ చెప్పలేదు. నెమ్మదిగా మాస్టారి వంక తిరిగింది.

“బికాజ్?” అంది.

ఇక దాటేయడానికి పల్లికోన లేదు. మాస్టారు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“అయ్యగారూ, తమరు నన్ను నమ్మి నా చేతిలో పెట్టిన, వానల్లో కాలవగట్టు నుంచి వచ్చిన పందికొక్కులు నేను బడికి వెళ్ళినప్పుడు తిత్తి కొరికేసిన, నేను తమరితో చెప్పడానికి సిగ్గుపడి సైకిలు ట్యూబు ముక్కతో అతికిన, అతికినా కూడా ఒక మెట్టు ఇరుక్కుపోయి కదిపితే ఏడుస్తున్న మన సంఘం హార్మోనియాన్ని, అది కాస్తా పూర్తిగా పోతే ఈ సంబంధం కూడా పోతుందేమోనని భయపడి, ఎవరికీ చెప్పకుండా, ఈ ఉయ్యాలలో దాచి...”

ఊపిరి అందక ఆగారు. క్రియ ఇంకా రాలేదు. అందరూ దాని కోసమే చూస్తున్నారు.

“కాపాడుతున్నానండి” అన్నారు.

బాలస్వామి గారు ఉయ్యాల దగ్గరికి వెళ్ళి వంగి తిత్తిని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత తల ఎత్తకుండానే, ఎడమవైపు చిల్లు నీది కాదయ్యా అన్నారు. అది తమ ఇంట్లో ఉన్నప్పుడే పడిందట. పాస్టరమ్మ గారు పాత చేతిసంచీ తోలు ముక్క అతికించారట. ఇంట్లో ఉంటే మిగతాది కూడా పోతుందనే, పిల్లల గోల అని చెప్పి మాస్టారికి అప్పగించారట. ఇంతకాలం ఆ తోలు ముక్క కంపెనీవాళ్ళు పెట్టిందనుకుని మాస్టారు దాని మీద దుమ్ము తుడుస్తూ వచ్చారు.

జకరయ్య గారు నమ్మకస్తుల్నిద్దర్నీ ఒకసారి చూసి, గొడుగు చేతిలోకి తీసుకున్నారు. వెళ్ళిపోవడానికో, ఊరికేనో తెలియలేదు. రిబ్కా మాత్రం ఇంకా మాస్టారినే చూస్తోంది. ఆమెకి హార్మోనియం మాట పట్టినట్టు లేదు.

“ఒక్క సంగతి చెప్పండి” అంది. “రోజూ ఆవిడ పెడుతున్న ఆ పాలు ఎవరు తాగారు?”

కోటేశ్వరమ్మ గారు కూడా జవాబు కోసం చూస్తున్నారు. ఇంటావిడ తన మీద అభిమానం కొద్దీ పెడుతోందనుకున్న, చక్కెర వేసి ఉంటే ఇంకా బాగుండునని కూడా అనుకున్న ఆ మనిషి తల దించుకున్నారు.

“నేనేనండి.”

హూ లేదు, విచ్ లేదు, ఆల్దో లేదు. రిబ్కా ముందు పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అది పనికిరాక స్టూలు మీద కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. కోటేశ్వరమ్మ గారికి మొదట కోపం వచ్చింది, తర్వాత ఆవిడకీ నవ్వొచ్చింది. కూతురు అంతగా నవ్వడం జకరయ్య గారు చాన్నాళ్ళకి చూశారు కాబోలు, గొడుగు మళ్ళీ మూలన పెట్టి, పాస్టరు గారితో తారీఖుల మాట ఎత్తారు. ఇలాంటివాడు అబద్ధమాడాలన్నా ఆడలేడు నాన్నా, దాచినా మూలుగుతూనే ఉంటుంది అని రిబ్కా బాపట్ల బండిలో తండ్రితో అన్నదట. చుండూరు దాటేదాకా మళ్ళీ మళ్ళీ నవ్విందట.

పెళ్ళి బాపట్ల గుడిలో జరిగింది. రేపల్లె ప్యాసింజరు బల్ల అంతా వెళ్ళింది. చెంచురామయ్య ఆ పాత వాక్యానికి అందరి తరఫునా బికాజ్ చేర్చి, పెళ్ళి విందులో లేచి గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. మధ్యలో ఎక్కడో ఒక కామా తప్పిందని పెళ్ళికొడుకు లేవబోతే పెళ్ళికూతురు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

తొంభైలో వాళ్ళకి పాప పుట్టింది. చెంచురామయ్య, శకుంతల చూడ్డానికి వచ్చారు. ఎదురుగా రంగు బొంగరాల ఉయ్యాల, దాని మీద దుప్పటి. శకుంతల మురిసిపోతూ వెళ్ళి మెల్లగా తొలగించి చూస్తే, లోపల హార్మోనియం. పందికొక్కులు ఇంకా పోలేదని, పాపకి చీరతో కట్టిన ఉయ్యాలే హాయిగా ఉందని రిబ్కా చెప్పింది. చీర ఉయ్యాల ఆ మూల ఉంది. మాస్టారు ఒక కాలి బొటనవేలికి ఈ తాడూ, రెండో కాలి బొటనవేలికి ఆ తాడూ చుట్టుకుని వ్యాసాలు దిద్దుతున్నారు. ఒకటి ఏడిస్తే రెండోది అందుకుంటోంది. ఏది ఏదో ఆయనకి తెలుస్తున్నట్టు లేదు.

అంతలో కోటేశ్వరమ్మ గారు పాలు తెచ్చారు. రెండు గ్లాసులు. ఒకటి బాలింతరాలికని రిబ్కా చేతికిచ్చి, రెండోది మాస్టారి ముందు పెట్టారు. ఇందులో చక్కెర వేశాను నాయనా అన్నారు.